ఈతకొలనులో పడవ బేరం

హైదరాబాద్‌లో పాత పడవలు అమ్మిపెడతానని చెబితే, పెళ్లిళ్లలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు నా ముఖంలోకి ఒకసారి అనుమానంగా చూసేవాళ్లు. ఫ్లాట్లంటే వెంటనే కార్డు అడిగేవాళ్లు. ప్లాట్లంటే కుర్చీ దగ్గరికి లాక్కునేవాళ్లు. పడవలనగానే "ఎక్కడండీ?" అనేవాళ్లు. ఇక్కడేనండీ, ఈ ఊళ్లోనే అంటే, పాపం పెద్దాయనకు ఏదో అయినట్టుందని పక్కకు తిరిగి భోజనం కానిచ్చేవాళ్లు.

ఇప్పుడు ఆ పని మానేశాను. మొన్న ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పాత కార్లు అమ్మిపెట్టే పనిలోకి కొత్తగా దిగిందట. "అంకుల్, ఫీజు ఎంత పెట్టుకోమంటారు?" అని అడిగింది. నాకు తెలిసిన శాతాలు చెప్పి, టీ ఇచ్చి పంపించాను. ఆమె వెళ్లాక తోచింది, చెప్పవలసింది శాతం కాదని. చెప్పవలసింది కోకాపేటలో ఒక శనివారం నాకు జరిగిన భంగపాటు గురించి. ఆమె చదువుతుందో లేదో తెలియదు గానీ, ఆమె వయసువాళ్లు ఎవరు చదివినా నాకు సంతోషమే.

నేను పుట్టింది కాకినాడ దగ్గర. పెళ్లికి ముందు ఆరేళ్లు పడవలు కట్టే యార్డులో గుమాస్తాగా చేశాను. తర్వాత కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి వచ్చి, ఖాళీ చేసే ఐటీ ఆఫీసుల కుర్చీలూ బల్లలూ జనరేటర్లూ అమ్మిపెట్టే పనిలో పడ్డాను. ఆ ఆఫీసుల్లో పని చేసే వాళ్లలో పడవలు కొన్నవాళ్లు ఉన్నారని అప్పుడే తెలిసింది. ముగ్గురు స్నేహితులు కలిసి ఉత్సాహంగా కొంటారు. రెండు శనాదివారాలు ఏదో రిజర్వాయరుకు తీసుకెళ్తారు. ఫొటోలు దిగుతారు. మూడో వారం ఒకరికి బెంగళూరు బదిలీ, ఇంకొకరికి కవలపిల్లలు. పడవ సెల్లార్లో మిగిలిపోతుంది. దాన్ని అమ్మిపెట్టడానికి నేను. నాకు ఈత రాదు. ఈ సంగతి ఖాతాదారులకు ఎప్పుడూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

మా పనిలో ఫీజు రెండు ముక్కలు. మొదటిది అమ్మకం ధర మీద పది శాతం. బేరం ముగిశాక అమ్మినవారు ఇస్తారు. రెండోది ఖర్చులు. ట్రాలీ కిరాయి, ఇంజను చూపించడం, పడవను నీళ్ల దాకా మోసుకెళ్లి నీళ్ల మీద పరీక్ష చేయించడం. ఇవి ముందే తీసుకుంటాం, బేరం కుదిరినా కుదరకపోయినా. చదవడానికి ఈ రెండో ముక్క చిల్లర వ్యవహారంలా ఉంటుంది. నేనూ అలాగే అనుకుని ఒకసారి దాన్ని వదిలేశాను. మిగతా కథంతా అందులోంచే వచ్చింది.

పడవ యజమాని ముప్ఫై ఎనిమిదేళ్ల ఇంజనీరు. కోకాపేటలో ఒక టవర్‌లో ఇరవై రెండో అంతస్తు. మనిషి మర్యాదస్తుడు. కానీ ఆ శనివారం దాకా చెవిలో ఆఫీసు కాల్స్ మైకు లేకుండా ఆయన్ని నేను చూడలేదు. నాతో ఒక వాక్యం, అవతలివాళ్లతో ఒక వాక్యం.

"పది శాతమా? మా ఫ్లాట్ బ్రోకరే రెండు శాతం తీసుకున్నాడండీ!"

"ఫ్లాట్ కొనేవాళ్లు మీ లిఫ్టులో కూడా దొరుకుతారు సార్. పడవ కొనేవాణ్ణి నేను జిల్లాలు తిరిగి వెతకాలి."

"అది కరెక్టే గానీ... ఒక్క నిమిషం. యా, యా, ఈవినింగ్‌లోపు షేర్ చేస్తాను... లేదు లేదు, పడవ కాదు, అది ఇక్కడ వేరే టాపిక్... సారీ అండి, మ్యూట్‌లో ఉన్నాననుకున్నాను."

ఆయన తొందరకు కారణం ఉంది. సెల్లార్లో ఆ పడవ రెండు కార్ల జాగా ఆక్రమించింది. అసోసియేషన్ సెక్రటరీ మేడం మూడు నోటీసులిచ్చి, నాలుగోసారి స్వయంగా పైకొచ్చి, ఫలానా ఆదివారం సాయంత్రానికి అది కనిపించకూడదని గడువు పెట్టి వెళ్లారు. చివరికి ఆయన ఒక మాటన్నాడు. "ఏడు శాతం. కానీ అన్ని ఖర్చులూ అందులోనే. మీరు ఇంకో రూపాయి అడగనంటే ఇప్పుడే ఓకే."

అప్పటికి రెండు నెలలుగా నాకు ఒక్క బేరం కుదరలేదు. సరేనన్నాను. ఖర్చులు నా నెత్తినే వేసుకున్నానని, అప్పటినుంచి చేసే ప్రతి పరీక్షా నా జేబుకు చిల్లేనని లిఫ్టులో కిందికి దిగేటప్పుడు గాని వెలగలేదు.

సెల్లార్లోకి వెళ్లి పడవను చూశాను. పద్నాలుగు అడుగుల ఫైబర్ పడవ, రెండు చక్రాల ట్రాలీ మీద టార్పాలిన్ కప్పుకుని ఉంది. ట్రాలీ ముందువైపు ఒరిగి ఉంది. అక్కడ కాపలా ఉండే సెక్యూరిటీ గార్డు పాలమూరు జిల్లా మనిషి, నలభై దాటి ఉంటాయి. టార్పాలిన్ తీయడానికి సాయం చేశాడు. ఇంజను విడిగా గోనెసంచిలో ఉంది. దాన్ని నీళ్ల డ్రమ్ములో దింపి తిప్పిచూడవచ్చు కాబట్టి దాని బాధ లేదు. సెల్‌ఫోన్ లైటు వేసుకుని పడవ అడుగంతా తడిమాను. ఇలాంటి పడవలకు వెనక గోడలో ఒక కన్నం, దానికి బిరడా ఉంటాయి. పడవ నేల మీద ఉన్నప్పుడు బిరడా తీస్తే లోపలి నీళ్లు పోతాయి. ఆ బిరడా దాని చోట అది ఉంది.

కానీ మధ్యకు కొంచెం ముందుగా, అడుగున, రూపాయి బిళ్లంత చోట తెల్లగా గుండ్రంగా ఒక మచ్చ తగిలింది. బొటనవేలితో నొక్కాను. గట్టిగానే ఉంది.

"ఇదేంటయ్యా ఇక్కడ?" అని గార్డును అడిగాను.

"తెల్వదు సార్," అన్నాడు. అని వెంటనే టార్పాలిన్ మడతపెట్టడం మొదలుపెట్టాడు. ఒక మనిషి జవాబు చెప్పి అంత తొందరగా పనిలో పడ్డాడంటే ఆగి రెండో ప్రశ్న వేయాలి. యార్డులో మా మేస్త్రీ అయితే వేసేవాడు. నేను వేయలేదు. ఎప్పుడో ఏదో బిగించి తీసేసిన గుర్తులే అనుకున్నాను. అనుకున్నాననడం కూడా అబద్ధమే. అలా అనుకుంటే నీళ్ల పరీక్ష ఖర్చు తప్పుతుందని అనుకున్నాను. ఖర్చు మన జేబులోంచి పోయేటప్పుడు మన కళ్లకు ఎన్ని కనిపించవో నాకు ఆ రోజు తెలిసింది.

కొనేవాళ్లు మూడు వారాలకు దొరికారు. కృష్ణా నది వెనక జలాల ఒడ్డున ఉండే భార్యాభర్తలు. ఆయన చేపలు పడతాడు, అడిగినవాళ్లను అవతలి ఒడ్డుకు దాటిస్తాడు. ఆమె ఆ చేపలు అమ్ముతుంది, లెక్కలన్నీ ఆమెవే. వాళ్ల చెక్క పడవ పుచ్చిపోయింది. ఫోన్లోనే ఆయన సంగతి చెప్పాడు.

"సారు, మా బిడ్డను అవుతలి ఒడ్డుకిచ్చినం. మొదటి కాన్పు. వచ్చే నెల మొదట్ల తోల్కరావాలె. రోడ్డు మీదకెళ్లైతే మూడు గంటలు గుంతలల్ల ఎగురుకుంట రావాలె సారు, డాక్టరమ్మ వద్దన్నది. నీళ్ల మీదకెళ్లైతే ఇర్వై నిమిషాలే. గందుకే జర తొందరున్నది."

ఆ మాట నా చెవిన పడింది. పడ్డాక కూడా ఆ తెల్ల మచ్చ సంగతి ఎత్తలేదు. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఇద్దరూ శనివారం పొద్దున్నే ఒక మినీ లారీ మాట్లాడుకుని వచ్చారు. సెల్లార్ ర్యాంపు పైన డ్రమ్ములో ఇంజను తిప్పి చూపించాను. ఒక్క లాగుకే అందుకుంది. ఆయన ముఖం విచ్చుకుంది. పడవ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బేరం ముగిసింది. ఇంజనీరు కాగితాల మీద సంతకం పెట్టబోతున్నాడు. అంతవరకూ మాట్లాడని ఆ భార్య చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. డబ్బంతా అందులోనే ఉందట. దాన్ని గుండెకు ఆనించుకుని అడిగింది.

"నీళ్లల్ల ఎప్పుడేస్తరు?"

"అమ్మా, ఇంజను చూశారు కదా. పడవ కొత్తదానిలా ఉంది," అన్నాను.

"ఇంజన్ సూసినం. పడవ సూడలే. మా దిక్కు గట్ల పైసలియ్యరు సారు. మా అత్త మరీ మరీ చెప్పి పంపింది. అమ్మెటోడు, కొనెటోడు, నడిమిట్ల మాట్లాడినోడు, అందరు నీళ్ల మీద పడవల నిలవడాలె. అప్పుడే పైసలు చేతులు మారుతయి. నేల మీద ఇచ్చుడు లేదు."

భర్త తల గోక్కున్నాడు. "అది మా ఆచారం సారు. మా నాయిన గట్లనే కొన్నడు."

"ఇక్కడ నీళ్లెక్కడున్నాయమ్మా? ఇది కోకాపేట," అన్నాను. చెరువుల్లో అనుమతి లేకుండా దింపకూడదు. అనుమతికి వారం పడుతుంది. లారీ మాట్లాడుకుని రిజర్వాయరుకు పోతే నా ఏడు శాతంలో సగం డీజిలుకే పోతుంది. ఇదంతా ఆమెకు చెప్పలేదనుకోండి, లోపల లెక్క వేసుకున్నాను.

ఆమె వేలు చాపి చూపించింది. "గవి నీళ్లు కావా?"

క్లబ్ హౌస్ పక్కన ఈతకొలను నీలంగా మెరుస్తూ ఉంది.

ఇంజనీరు మొదటిసారి చెవిలోంచి మైకు తీసేశాడు. సెక్రటరీ మేడంకు ఫోన్ చేశాడు. ఆవిడ బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, భీమవరం వైపు. కిందికి వచ్చి, పడవనూ మమ్మల్నీ ఆ టిఫిన్ డబ్బానూ ఒక్కొక్కటిగా చూశారు.

"కొలను ఎలాగూ సోమవారం ఖాళీ చేసి కడిగిస్తున్నాం. ఇవాళ ఎవరూ దిగరు. నాకు కావలసిందల్లా ఆదివారం సాయంత్రానికి సెల్లార్ ఖాళీగా ఉండడం. ఈలోపు మీరు దాన్ని కొలనులో వేసుకుంటారో, నెత్తిన పెట్టుకుంటారో మీ ఇష్టమండి. టైల్ ఒక్కటి పగిలిందా, డబ్బు మీదే."

తోటపనివాళ్లూ హౌస్‌కీపింగ్‌వాళ్లూ సెక్యూరిటీవాళ్లూ కలిసి పది మంది పడవను ఎత్తారు. ఇంజను బిగించలేదు కాబట్టి బరువు వాళ్లకు ఓ లెక్క కాలేదు. ఆ పాలమూరు గార్డు మాత్రం ఎత్తడానికి ముందుకు రాలేదు. గేటు దగ్గర నిలబడి ఇటే చూస్తున్నాడు. పడవ మెల్లిగా నీళ్ల మీద కూర్చుంది. బాల్కనీల్లో ఫోన్లు లేచాయి. ఎవరో పిల్లలు చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ, నాకూ కాస్త గర్వంగానే అనిపించింది. గచ్చిబౌలి నుంచి కోకాపేట దాకా పడవను నీళ్లలో దింపించిన బ్రోకరు ఇంకెవరున్నారని.

ఆమె పడవ ముక్కుకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ టైల్స్ మీద కొట్టబోతే మేడం "అమ్మా, అక్కడ కాదు" అని పూలకుండీ అంచు చూపించారు. తర్వాత ఆచారం ప్రకారం ఒక్కొక్కరం ఎక్కాం. ముందు ఆయన, తర్వాత ఆమె, తర్వాత ఇంజనీరు, చివర నేను. పడవ ఊగింది. నేను ఇంజనీరు భుజం పట్టుకున్నాను. ఆమె టిఫిన్ డబ్బా మూత మీద చెయ్యి వేసింది.

ఎడమ పాదానికి చల్లగా తగిలింది. కొబ్బరినీళ్లేమో అనుకున్నాను.

"సారు," అంది ఆమె, చాలా మామూలుగా. "నీళ్లొస్తున్నయ్."

కిందికి చూశాను. సరిగ్గా నేను సెల్లార్లో వేలితో నొక్కిన చోట, మా నలుగురి బరువుకు అడుగు వంగి, ఆ తెల్ల బిళ్ల సోడా మూతలా ఎగిరిపోయింది. దాని కిందినుంచి నీళ్లు మోకాలెత్తు చిమ్ముతున్నాయి. ఇంజనీరు "బిరడా! బిరడా పెట్టలేదు!" అని అరిచాడు. బిరడా పెట్టే ఉంది. ఆయన చెవిలో మళ్లీ ఎప్పుడు పెట్టుకున్నాడో మైకు, అందులోంచి ఎవరో "ఆర్ యూ ఓకే?" అని అడగడం నాకు వినిపించింది. అందరం ఒకేసారి ఒక పక్కకు జరిగాం. పడవ ఆ పక్కకే వాలి మమ్మల్ని నీళ్లలో కుమ్మరించింది.

నేను మునిగాను. లేచాను. "కాపాడండి! నాకు ఈత రాదు!" అని ప్రాణం పెట్టి అరిచాను. అంతకు ముందు ఏ ఖాతాదారుడికీ చెప్పని సంగతి ఆ రోజు మూడు టవర్లకూ చెప్పాను.

"నిలవడుండ్రి సార్! జర నిలవడుండ్రి!" అని గట్టు మీదినుంచి తోటమాలి అరుస్తున్నాడు.

నిలబడ్డాను. నీళ్లు నా ఛాతీ దాకా కూడా రాలేదు.

బాల్కనీలన్నీ నవ్వాయి. మేడం కూడా కొంగు అడ్డం పెట్టుకున్నారు. నవ్వు నాకూ వచ్చేదేమో. టిఫిన్ డబ్బా తేలుతూ పోతుంటే ఆమె ఒడిసి పట్టుకుంది. అప్పుడు ఆమె భర్త వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు. నడుము లోతు నీళ్లలో నిలబడి, మునిగిన పడవ అడుగు వంక చూస్తున్నాడు.

"గీడ నడుం దాకనే సారు," అన్నాడు. "మా కాడ నడిమిట్ల తాడిచెట్టు నిలవెడితే కొన గూడ కనవడదు."

నిండు గర్భిణి ఆ పడవలో కూర్చుని ఉండడం నాకు కనిపించింది. ఇరవై నిమిషాల దారిలో పదో నిమిషం. ఆ తెల్ల బిళ్ల.

గేటు దగ్గరినుంచి గార్డు వచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"నేనే పొక్క కొట్టిన సార్," అన్నాడు.

తర్వాత అంతా బయటపడింది. సెల్లార్లో ఆ పడవ పైనే ఏసీ గొట్టం ఒకటి కారుతుంది. టార్పాలిన్ చిరుగులోంచి ఆ నీళ్లు పడవలో చేరాయి. ట్రాలీ ముందుకు ఒరిగి ఉండడం వల్ల నీళ్లు ముందే నిలిచి, వెనకున్న బిరడా దాకా పోలేదు. దోమలు పుట్టాయి. మున్సిపాలిటీవాళ్లు వచ్చి చూసి జరిమానా వేశారు. మేడం అందరిముందూ గార్డును కేకలేశారట, రేపు పొద్దునకు అందులో చుక్క నీరు ఉండకూడదని. ఆయన ప్లంబర్ దగ్గర డ్రిల్లు అడిగి తెచ్చి, నీళ్లు ఎక్కడ లోతుగా నిలిచాయో అక్కడే అడుగున కన్నం పెట్టాడు. నీళ్లు పోయాయి. దోమలు పోయాయి. మేడం మెచ్చుకున్నారు కూడా. నేను చూడ్డానికి వస్తున్నానని తెలిశాక భయపడి, పైపులకు పూసే ముద్ద దానికి కుక్కి, పైన తెల్ల రంగు వేశాడు.

"ఇది పడవ అని యాదికి లేదా నీకు?" అని ఇంజనీరు అరిచాడు.

"రెండేండ్ల సంది గదలలేదు సార్. నీళ్లల్ల పోతదని అనుకోలే," అన్నాడు గార్డు. "నా నౌకరి తీయకుండ్రి సార్."

నవ్వడానికి లేదు గానీ, ఆ మాటలో తప్పు పట్టడానికీ లేదు. అది పడవని ఆ సెల్లార్లో ఎవరికి గుర్తుంది?

ఇక్కడ నేను ఊరుకుని ఉండవచ్చు. గార్డు ఒప్పుకున్నాడు. నా పేరు ఎవరూ ఎత్తలేదు. కానీ ఆ భార్య తడి కొంగు పిండుకుంటూ నా వైపే చూస్తోంది, ఏదో తెలిసినట్టు.

"నేను చూశాను," అన్నాను. "మొదటి రోజే చూశాను. వేలితో నొక్కి కూడా చూశాను. అడిగాను, జవాబు సరిగా రాలేదు, వదిలేశాను. నీళ్ల పరీక్షకు ఖర్చవుతుందని వదిలేశాను. ఈ గార్డు చేసింది తెలియక. నేను తెలిసి ఊరుకున్నాను."

ఇంజనీరు చెవిలోంచి మైకు తీసి జేబులో పెట్టుకున్నాడు. భర్త "ఇగ నడువు పోదం" అని భార్యతో అన్నాడు. బేరం పోయింది, నా ముఖం పోయింది అనుకున్నాను. రెండూ నేను సంపాదించుకున్నవే.

ఆమె కదల్లేదు. పది మంది పడవను గట్టు మీదికి లాగి బోర్లించాక, దగ్గరికి వెళ్లి కూర్చుని ఆ కన్నంలో వేలు పెట్టింది. చుట్టూ తడిమింది. పిడికిలితో పడవ పొడుగునా కొట్టుకుంటూ పోయి చప్పుడు విన్నది.

"మిగతదంత గట్టిగనే ఉన్నది," అంది భర్తతో. "పొక్క కనవడ్డది గద, ఇగ దానికేం భయం. కొత్త పడవ కొనెటందుకు మన తాన యాడున్నయ్? బిడ్డను యాడికెళ్లి తెస్తవ్?" తర్వాత నా వైపు తిరిగింది. "మంచిగ చేపిచ్చి, మళ్ల గీ నీళ్లల్లనే ఏసి సూపెట్టు సారు. ఈసారి ముందుగాల నువ్వొక్కనివే ఎక్కాలె."

బాలానగర్ వైపు ఫైబర్ పని చేసే మేస్త్రీ ఒకడు నాకు తెలుసు, పార్కుల్లో పిల్లల జారుడుబల్లలు చేస్తాడు. ఆదివారం తీసుకొచ్చాను. కన్నం చుట్టూ అరగదీసి, లోపలా బయటా ఫైబర్ గుడ్డ పొరలు పొరలుగా అతికించాడు. గట్టిపడడానికి సమయం కావాలన్నాడు. గడువు సంగతి మేడంను అడగడానికి ఇంజనీరు భయపడుతుంటే నేనే వెళ్లాను. ఆవిడ నాకంటే ముందే మాట్లాడారు.

"చుక్క నీరు ఉండకూడదని అరిచింది నేనేనండి. ఆ మనిషి ఉద్యోగానికేం కాదు. కొలను కడగడం బుధవారానికి మార్చాను. ఆ టార్పాలిన్ మాత్రం ఇవాళే పారేయండి."

మంగళవారం పొద్దున వాళ్లిద్దరూ మళ్లీ వచ్చారు. నేను ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఉత్త కాళ్లతో, ఒక్కణ్ణే ఎక్కాను. పడవ మధ్యలో, సరిగ్గా ఆ అతుకు మీదే, అరగంట నిలబడ్డాను. కాళ్లు లాగాయి. తర్వాత ఇసుక బస్తాలు ఎక్కించాం. తర్వాత నలుగురం. ఇంకో అరగంట. పాలమూరు గార్డు గట్టు మీద గొంతుక్కూర్చుని, పడవ అడుగు వంక రెప్ప వేయకుండా చూస్తున్నాడు. చుక్క రాలేదు. ఆమె వంగి అతుకును అరచేత్తో తుడిచి, చెయ్యి చూసుకుంది. ఆ తర్వాతే టిఫిన్ డబ్బా మూత తీసింది.

ఇంజనీరు నా ఫీజు లెక్క ప్రకారం ఇచ్చాడు. అందులోంచి మేస్త్రీ కూలీ, ఆ భార్యాభర్తల రెండో లారీ కిరాయి, రెండు లైఫ్ జాకెట్ల ధర నేనే పెట్టుకున్నాను. ఇంజనీరు సగం భరిస్తానన్నాడు. వద్దన్నాను. పెద్ద మనసుతో కాదు, ఆ డబ్బు జేబులో ఉంటే నాకు నిద్ర పట్టదని. మిగిలింది మా ఇంటికి ఆటో ఖర్చు కంటే కొంచెం ఎక్కువ.

ఆ తర్వాత పదకొండేళ్లు ఆ పని చేశాను. ఖర్చులు కలిపి ఫీజు మాట్లాడింది అదే ఆఖరుసారి. పరీక్ష ఖర్చు వేరే, ముందే, అమ్మేవారి దగ్గర. ఇవ్వనన్నవాళ్ల పడవలు ముట్టుకోలేదు. కొందరు నన్ను పీనాసి అన్నారు. కార్లమ్మే ఆ అమ్మాయికి ఇదే చెప్పాలి. ఫీజు ఎంతైనా పెట్టుకోమ్మా, పరీక్ష ఖర్చు మాత్రం నీ జేబులోంచి పోనివ్వకు. పోతే నువ్వు చూడాల్సింది చూడవు. నేను చూడలేదు.

ఆ మంగళవారానికి నాలుగో వారం అనుకుంటాను. ఒక మధ్యాహ్నం గచ్చిబౌలి స్టేడియం పక్కన ఒక ఆఫీసు కుర్చీలు లెక్కపెడుతున్నాను. ఫోన్ మోగింది. ఆమె.

"సారు, బిడ్డను తోల్కొస్తున్నం."

వెనకాల ఇంజను చప్పుడు.

"ఎక్కడున్నారమ్మా?"

"నీళ్ల మీదనే ఉన్నం. నడిమిట్లకొచ్చినం. నువ్వు ఫికర్ చేస్తుంటవని చేసిన."

"ఫోన్ పెట్టకమ్మా," అన్నాను. "మాట్లాడొద్దు, ఊరికే పట్టుకో. ఒడ్డు చేరేదాకా పెట్టకు."

నేను కుర్చీల మధ్య ఒక కుర్చీలో కూర్చుండిపోయాను. ఆఫీసువాళ్లు ఏదో అడిగితే చెయ్యి ఊపాను. ఇంజను చప్పుడు వింటున్నాను. మధ్యలో సిగ్నల్ తెగినట్టయింది, మళ్లీ వచ్చింది. ఎవరో ఆడపిల్ల నవ్వింది. గాలి. ఇంజను. ఎంతసేపో తెలియదు. తర్వాత ఇంజను ఆగింది. అడుగు ఇసుకకు రాసుకున్న చప్పుడు, మగవాళ్ల కేకలు, పడవను గట్టు మీదికి గుంజుతున్నట్టు.

"దిగినం సారు," అంది ఆమె. "బిడ్డ కాళ్లు గూడ తడ్వలే."